గడకర్రకు అందనివి

మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో మామూలుగా రెండే విషయాల మీద చర్చ నడుస్తుంది. నల్లా నీళ్లు ఎప్పుడొస్తాయి, పార్కింగులో అడ్డంగా పెట్టిన బండి ఎవరిది. అలాంటి గ్రూపులో మొన్న వేసవిలో ఒక ఆదివారం పొద్దున్నే ఓ బొమ్మ వచ్చి పడింది. పెద్ద పచ్చిక మైదానం, దాని మీద ఆకాశం దాకా ఎరుపు, పసుపు, ఊదా రంగుల బుడగలు. కింద తెలుగులో, "మన చుట్టూ ఉన్న రేడియేషన్ ఇదీ. కనపడదు కాబట్టి పట్టించుకోవట్లేదు. అందరికీ పంపండి" అని రాసుంది. సాయంత్రానికల్లా పక్క బిల్డింగు మీద ఉన్న సెల్ టవరు తీయించాలని తీర్మానం రాయడం కూడా మొదలైంది.

ఆ బొమ్మ నేనెరిగినదే. 2013లో నికొలాయ్ లామ్ అనే అమెరికన్ కళాకారుడు, వైఫై కంటికి కనిపిస్తే వాషింగ్టన్‌లోని నేషనల్ మాల్ ఎలా ఉంటుందో ఊహించి వేసిన వరసలోది. ఊహించి వేశానన్న సంగతి ఆయనేమీ దాచలేదు. కానీ బొమ్మ చేతులు మారుతూ మారుతూ మా గ్రూపుకి చేరేసరికి ఆ మాట ఎక్కడో రాలిపోయింది. బుడగలు మాత్రం మిగిలాయి.

అప్పటి నుంచీ బుర్రలో తిరుగుతున్న ఒక అభిప్రాయాన్ని ఇక్కడ పెడుతున్నాను. గాల్లోని వైర్‌లెస్‌ను కళ్లకు కట్టించే కళ అంటూ ఈ పదిహేనేళ్లలో వచ్చినవాటిలో చాలావరకు చూపించాల్సినదాన్ని వదిలేసి పక్కదాన్ని చూపిస్తున్నాయి. అవి తరంగాన్ని చూపిస్తున్నాయి. తరంగం మోసుకెళ్తున్న మాట ఏమిటి, అది ఎవరి చెవిన పడుతోంది అన్నది మాత్రం చీకట్లోనే ఉంది. ఈ మాట గట్టిగా అనేద్దామనే కూర్చున్నాను గానీ, మధ్యలో నాకే ఒకట్రెండు చోట్ల కాలు జారింది. అది కూడా దాచకుండా రాస్తాను.

యాంటెన్నా పట్టుకుని నిలబడ్డ రోజులు

అసలు మన తరానికి రేడియో తరంగాలు కనపడనివి అనడం పూర్తిగా నిజం కాదు. దూరదర్శన్ రోజుల్లో మా ఇంట్లో ఆదివారం సినిమా మొదలయ్యే ముందు ఒక తంతు ఉండేది. నేను డాబా మీద యాంటెన్నా గొట్టం పట్టుకుని నిలబడాలి. నాన్న టీవీ ముందు. మధ్యలో మెట్ల మీద చెల్లెలు, మాటలు అందించడానికి. "వచ్చిందా?" "వచ్చింది... పోయింది... అన్నయ్యా, కదలకు, అట్టాగే ఉండు!" చెయ్యి తీశానా, మళ్లీ చుక్కలే. నేను పట్టుకుంటేనే బొమ్మ, వదిలేస్తే పోతుంది. నా ఒళ్లు కూడా యాంటెన్నాలో ఒక ముక్క అయిపోయిందన్న సంగతి అప్పట్లో తెలీదు. తెలిసిందల్లా చిత్రలహరికి మాత్రం చెల్లెల్నే పైకి ఎక్కించాలని.

తర్వాత సెల్లులొచ్చాయి. కంప్యూటర్ స్పీకర్ల పక్కన ఫోను పెడితే, అది మోగడానికి ఓ క్షణం ముందే స్పీకరు "టిటిక్ టిటిక్ టిటిక్ జ్జ్‌జ్‌జ్" అని మొత్తుకునేది. ఆఫీసులో అందరూ ఒక్కసారి ఎవరి జేబు వాళ్లు తడుముకునేవాళ్లు. ఆ రోజుల జీఎస్ఎం ఫోను ఏకధాటిగా మాట్లాడదు, సెకనుకు దాదాపు 217 సార్లు ఆగి ఆగి మాట్లాడుతుంది. ఆ లయ మన చెవికి అందే శ్రుతిలోనే ఉంటుంది కాబట్టి స్పీకరు తీగలు దాన్ని పట్టేసేవి. క్రిస్టినా కుబిష్ అనే జర్మన్ కళాకారిణి 2004 నుంచి చేయిస్తున్న "విద్యుత్ నడకలు" ఇంచుమించు ఇలాంటివే. లోపల తీగచుట్టలున్న హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఊళ్లో నడిస్తే ఏటీఎంలూ, దుకాణాల గుమ్మాల దగ్గర దొంగతనాన్ని పట్టే గేట్లూ, ట్రామ్ తీగలూ ఒక్కోటి ఒక్కో గొంతుతో పాడతాయి. అప్పట్లో మా ఆఫీసులో టిక్కెట్టు లేకుండా రోజూ విన్నాం.

ఇంకోటి. ఫోను వెనక అంటించుకునే లైట్ల స్టిక్కర్లు గుర్తున్నాయా? కోఠీ ఫుట్‌పాత్ మీద పది, ఇరవై రూపాయలకు అమ్మేవాళ్లు. కాల్ వస్తుంటే రింగు కంటే ముందే ఎర్రగా, పచ్చగా మిణుకుమనేవి. ఫోను విసిరే తరంగమే వాటిని వెలిగించేది. ఆ అమ్మినాయన తన బతుకులో ఒక్కసారి కూడా "అదృశ్యాన్ని దృశ్యం చేస్తున్నాను" అని అనుకుని ఉండడు. కానీ చేశాడు, ఏ కళాశాలా చేయనంత మందికి చేశాడు.

ఇప్పుడు అవేవీ లేవు. యాంటెన్నాలు ఫోను లోపలికి దూరిపోయాయి, స్పీకర్లు మొత్తుకోవు, స్టిక్కర్లు వెలగవు. తరంగాలు మునుపటికంటే ఎన్నో రెట్లు పెరిగిన కాలంలో వాటి ఆనవాళ్లు మాత్రం ఒక్కొక్కటే చల్లారిపోయాయి. ఈ కళ ఇప్పుడెందుకు పుట్టిందో నాకు అర్థమయ్యేది ఇక్కడే.

ఓస్లో గడకర్ర, కోఠీ పైపు

వీటిలో నేను నెత్తిన పెట్టుకునేది ఒకటుంది. 2011లో నార్వేలోని ఓస్లో ఆర్కిటెక్చర్, డిజైన్ కళాశాలకు చెందిన టిమో ఆర్నల్, యోర్న్ క్నూట్సెన్, ఐనార్ స్నేవె మార్టినుస్సెన్ కలిసి చేసిన పని. నాలుగు మీటర్ల గడకర్ర, దానికి 80 దీపాలు. వైఫై సిగ్నల్ బలంగా ఉన్నచోట ఎక్కువ దీపాలు వెలుగుతాయి, బలహీనమైతే తక్కువ. రాత్రిపూట దాన్ని నిలువుగా పట్టుకుని గ్రూనర్‌లొక్కా పేటలో ఒకడు నడుస్తాడు. కెమెరా కన్ను మూయకుండా చూస్తూ ఉంటుంది. నడిచేవాడు కదులుతుంటాడు కాబట్టి చీకట్లో కలిసిపోతాడు, దీపాలు మాత్రం ఫొటోలో నిలిచిపోతాయి. వీధి పొడవునా ఎగుడుదిగుడుగా ఒక వెలుగు కంచె. భవనం గోడ దగ్గర ఎత్తుగా, మలుపు తిరిగేసరికి మోకాలెత్తుకు జారిపోయి.

దాంట్లో నాకు నచ్చింది అందం కాదు, ఆ గడకర్ర. భూమి సర్వే చేసేవాళ్ల కొలకర్ర లాంటిది. ఫొటోలో ప్రతి నిలువు గీత దగ్గరా ఒక మనిషి ఆ క్షణాన నిలబడి కొలిచాడని తెలుస్తూనే ఉంటుంది. లామ్ బుడగల దగ్గర ఎవరూ నిలబడలేదు.

పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టు, మనమూ ఒకటి చేద్దామని ఇంజనీరింగ్ రెండో ఏడాది చదువుతున్న మా మేనల్లుణ్ణి రేపాను. కోఠీ గుజరాతీ గల్లీలో ఈఎస్‌పీ8266 అనే, వైఫైని పట్టే చిన్న చిప్పు, మీటరు పొడవున 60 దీపాలున్న ఎల్ఈడీ స్ట్రిప్పు కొన్నాం. కరెంటు పనికి వాడే పీవీసీ పైపుకు స్ట్రిప్పు అంటించి, కింద పవర్‌బ్యాంకును రబ్బరు బ్యాండ్లతో కట్టాం. మొత్తం చూస్తే పెళ్లి ఊరేగింపులో పెట్రోమాక్స్ లైటు మోసేవాడి దగ్గర కొట్టేసిన సరుకులా ఉంది.

రాత్రి పదింటికి డాబా మీద మొదలుపెట్టాం. ఫోనును నీళ్ల ట్యాంకు మూత మీద ఆనించి, ముప్ఫై సెకన్ల ఎక్స్‌పోజర్ పెట్టాం. మేం పట్టుకున్నది మా ఇంటి రౌటరునే, నాలుగో అంతస్తులో హాల్లో ఉంటుంది. మెట్ల గది తలుపు దగ్గర దీపాలు ముప్ఫై దాకా వెలిగాయి. పిట్టగోడ వైపు నడుస్తుంటే తగ్గాయి. ట్యాంకు వెనక్కి వెళ్తే ఒక్కసారిగా పడిపోయాయి. నీళ్లు ఈ తరంగాలను మింగేస్తాయి, అది చదువుకున్నదే. కానీ వెయ్యి లీటర్ల ట్యాంకుకు నీడ ఉంటుందని, ఆ నీడ చీకట్లో కూడా పడుతుందని చూడటం వేరు.

ఆ తర్వాత జరిగింది ఇంకా బాగుంది. నేను పైపు పట్టుకుని మెట్ల గదికి వీపు పెట్టి తిరిగాను. "మావయ్యా, కదలకు. ఏడెనిమిది లైట్లు పోయాయి" అన్నాడు వాడు. మళ్లీ ఎదురుగా తిరిగితే వచ్చాయి. మళ్లీ వీపు పెడితే పోయాయి. ట్యాంకుకీ నాకూ పెద్ద తేడా ఏం లేదు, నేనూ సగానికి పైగా నీళ్లే కదా. నా నీడ నా ముందే పడింది. ముప్ఫై ఐదేళ్ల తర్వాత మళ్లీ డాబా మీద గొట్టం పట్టుకుని నిలబడ్డాను, ఇంకొకడు "కదలకు" అంటున్నాడు.

గీత నున్నగా కూడా రాలేదు. దువ్వెన పళ్లలా లేస్తూ పడుతూ వచ్చింది. మేం కొలిచిన తరంగం పొడవు సుమారు 12 సెంటీమీటర్లు, జానెడులో సగానికి కాస్త ఎక్కువ. నేరుగా వచ్చేదీ, గోడకు కొట్టుకుని వచ్చేదీ ఒకచోట కలిసి బలపడతాయి, బెత్తెడు జరిగితే ఒకదాన్నొకటి చంపుకుంటాయి. ఆ బుడగల బొమ్మలో అంచులన్నీ సబ్బునీటి బుడగల్లా నున్నగా ఉన్నాయి. నిజానికి గాలి గొంగళి పురుగులా ఉంటుంది.

గోరంత, కొండంత

ఇంతవరకూ అంతా బానే ఉంది. నా అనుమానం మొదలైంది మేనల్లుడి కోడులో ఒక్క లైను దగ్గర.

సిగ్నల్ బలాన్ని ఆ చిప్పు డెసిబెల్ లెక్కలో చెబుతుంది. రౌటరు పక్కనే ఉంటే మైనస్ 30, ఇక వినపడదు అనే అంచున మైనస్ 90. మధ్యలో 60 మెట్లు, మా దగ్గర 60 దీపాలు. మెట్టుకో దీపం పెట్టేశాడు వాడు. చక్కగా సరిపోయింది. కానీ డెసిబెల్ లెక్కలో పది మెట్లు దిగితే బలం పదో వంతు, ఇరవై దిగితే నూరో వంతు, అరవై దిగితే పది లక్షలో వంతు. అంటే మా మీటరు స్ట్రిప్పు పై కొసకీ కింది కొసకీ మధ్య ఉన్నది పది లక్షల రెట్ల తేడా.

అదే బలానికి తగ్గ ఎత్తుతో గీసి ఉంటే? రౌటరు పక్కన మీటరు ఎత్తు. పక్క గదిలోకి వెళ్లేసరికి ఒక సెంటీమీటరు. డాబా మీద పిట్టగోడ దగ్గర మిల్లీమీటరులో పదో వంతు, తల వెంట్రుక మందం. అంటే ఫొటోలో ఏమీ ఉండదు. ఓస్లో కంచె కూడా ఉండదు. గోరంతను కొండంత చేసే ఆ లెక్క లేకపోతే ఈ కళే లేదు.

దీన్ని మోసం అనలేం. ఫోను మీద కనిపించే సిగ్నల్ గీతలు కూడా ఈ తరహా లెక్కతోనే పడతాయి. "ఇక్కడ నా ఫోనుకు రౌటరు మాట వినిపిస్తుందా?" అని అడిగితే ఆ బొమ్మ నిజమే చెబుతుంది. "ఇక్కడ నా ఒంటి మీద ఎంత పడుతోంది?" అని అడిగితే అదే బొమ్మ అబద్ధం చెబుతుంది. రెండు ప్రశ్నలకూ ఒకే ఫొటో. చూసేవాళ్లు ఏ ప్రశ్నతో వస్తారో తీసినవాడి చేతిలో ఉండదు.

అసలు ఏ లెక్కా మధ్యలో దూరని పని ఒకటుంది. 2004లో రిచర్డ్ బాక్స్ అనే కళాకారుడు ఇంగ్లండ్‌లో హైటెన్షన్ తీగల కింద ఒక పొలంలో 1301 ట్యూబ్‌లైట్లను నారు నాటినట్టు నిలబెట్టాడు. వైరు లేదు, ప్లగ్గు లేదు. చీకటి పడితే పొలమంతా వెలిగింది. మనుషులు దగ్గరికి వెళ్తే వాళ్ల చుట్టుపక్కల మసకబారేది. అక్కడ ఎవరూ దేనికీ కొలబద్ద పెట్టలేదు, తీగ కింద ఉన్న విద్యుత్ క్షేత్రమే ట్యూబును వెలిగించింది. ఈ మొత్తం వ్యవహారంలో నిజాయితీకి పెద్దపీట వేస్తే దానికే వేస్తాను. కానీ వైఫైతో అది కుదరదు, మరీ బలహీనం. అందుకే మధ్యలో చిప్పు, కోడు, కోడు రాసేవాడి ఇష్టం.

రెండో కొసన 2015లో రిచర్డ్ వైఖెన్ చేసిన "ఆర్కిటెక్చర్ ఆఫ్ రేడియో" అనే యాప్ ఉంది. ఐప్యాడ్ ఎత్తి చుట్టూ తిప్పితే టవర్ల నుంచీ, ఉపగ్రహాల నుంచీ అలలు అలలుగా వచ్చే తెల్లటి గీతలు కనిపిస్తాయి. చూడముచ్చటగా ఉంటుంది. అయితే ఆ ఐప్యాడ్ గాలిని కొలవదు. టవర్లెక్కడ, ఉపగ్రహాలెక్కడ అన్న డేటా తెచ్చుకుని దాన్నిబట్టి గీస్తుంది. పటాన్ని గాల్లో పరిచినట్టు. పటం పటంగా మంచిదే. నా నీడ మాత్రం దాంట్లో పడదు.

ఫొటో గ్రూపులో పెట్టాక

తెలివితక్కువ పని ఒకటి చేశాను. ఆ బుడగల బొమ్మకు విరుగుడుగా మా డాబా ఫొటో గ్రూపులో పెట్టాను. "ఇది నిజంగా కొలిచింది, చూడండి, ట్యాంకు వెనక ఎలా తగ్గిందో" అని కింద నాలుగు లైన్లు కూడా రాశాను. పది నిమిషాల్లో 301 ఆంటీ ఫోను. "బాబూ, నువ్వు తీసిన ఫొటోలోనే అంత వెలుగుంది. ఇంక టవరు సంగతి చెప్పాలా?"

ఆ వెలుగు మా ఇంటి రౌటరుదనీ, మా చిప్పు టవరు మాటే వినదనీ చెప్పాను. ఎవరు వింటారు! చీకట్లో వెలుగు కంచె చూస్తే మనసుకు ఏదో ఉందనే అనిపిస్తుంది. నాలుగు లైన్లు ఎవరూ చదవలేదు. లామ్ బొమ్మకు ఏ గతి పట్టిందో నా ఫొటోకూ అదే గతి పట్టింది. గడకర్ర పట్టుకుని కొలిచానన్న గర్వం అంతటితో దిగింది.

టవరు తీర్మానం మీద పెట్టిన మీటింగులో చెప్పాల్సింది చెప్పాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద పనిచేసే క్యాన్సర్ పరిశోధన సంస్థ 2011లో ఈ తరంగాలను "క్యాన్సర్ కారకం కావచ్చు" అనే వరసలో పెట్టింది, "అవును" అనే వరసలో కాదు. 2012 సెప్టెంబరులో మన దేశం టవర్ల పరిమితిని అంతర్జాతీయ పరిమితిలో పదో వంతుకు దించింది. 2017లో కేంద్రం తెచ్చిన తరంగ్ సంచార్ పోర్టల్‌లో మన చుట్టుపక్కల టవర్లు ఎక్కడున్నాయో చూడొచ్చు. ఇంకో మాట కూడా చెప్పాను. టవరు దూరమయ్యేకొద్దీ చెవికి ఆనించిన ఫోనే గొంతు పెంచి అరవాల్సి వస్తుంది, కాబట్టి టవరు తీయిస్తే తలకు దగ్గరున్నది పెరుగుతుంది. "నువ్వు కంపెనీవాడిలా మాట్లాడుతున్నావు" అన్నారొకాయన.

ఆయన మీద నాకు కోపం లేదు. కనపడనిదాన్ని నమ్మమంటే ఎవరి మాట నమ్మాలన్నది నిజమైన ప్రశ్నే. కాకపోతే ఆ మీటింగులో అందరి జేబుల్లోనూ ఫోన్లున్నాయి, అవన్నీ నోరు మూసుకుని కూర్చోలేదు.

పాత ఫోను పిలిచిన పేర్లు

ఆ సంగతి తెలిసింది అంతకు ముందు వారమే. మేనల్లుడు అదే చిప్పుతో ఇంకో ఆట చూపించాడు. వైఫై రౌటరు ఎవరూ అడగకపోయినా సెకనుకు సుమారు పదిసార్లు తన పేరు చాటుతూ ఉంటుంది, ఆకుకూరలమ్మి కేకలా. అది అందరికీ తెలిసిందే. దానికి ఎదురు, ఫోన్లు కూడా కేకేస్తాయి. ముఖ్యంగా పాత ఫోన్లు తమకు గుర్తున్న వైఫైలను పేరు పెట్టి పిలుస్తాయి. ఫలానా ఉన్నావా? ఫలానా ఉన్నావా? చుట్టూ ఎవరున్నా వినొచ్చు.

పక్కింటివాళ్ల ఫోన్ల జోలికి వెళ్లొద్దని ముందే చెప్పాను. మా బీరువాలో అమ్మ పాత ఫోను ఉంది, పదేళ్ల కిందటిది, అద్దం పగిలింది. చార్జింగ్ పెట్టి ఆన్ చేశాం. లాప్‌టాప్ తెర మీద ఒక్కో లైనూ పడటం మొదలైంది. ముందు మేం ఖాళీ చేసి వచ్చిన పాత అద్దె ఇంటి వైఫై. తర్వాత పిన్నిగారింటిది. తర్వాత అన్నవరంలో దిగిన లాడ్జిది. ఆ తర్వాత ఒక ఆసుపత్రి పేరు, పక్కన "గెస్ట్" అని. నాన్న పదిహేడు రోజులున్న ఆసుపత్రి. ఐసీయూ బయట కుర్చీల్లో కూర్చుని అమ్మ ఊళ్లో వాళ్లకు వాట్సాప్‌లో కబుర్లు పంపిందంటే ఆ వైఫై మీదే. నాన్న పోయి తొమ్మిదేళ్లయింది. ఫోను ఇంకా అడుగుతోంది, ఉన్నావా అని.

మేనల్లుడు లాప్‌టాప్ మూసేశాడు. కాసేపు ఇద్దరం ఏం మాట్లాడలేదు.

నాలుగు పేర్లలో మా ఇంటి గుట్టంతా ఉంది. ఎక్కడ ఉండేవాళ్లం, చుట్టాలెవరు, ఏ దేవుడికి మొక్కాం, ఎవరికి జబ్బు చేసింది. దీంట్లో వెలుగు లేదు, రంగు లేదు. నల్ల తెర మీద తెల్ల అక్షరాలు. గడకర్ర పట్టుకుని ఆ గదిలో ఎన్నిసార్లు నడిచినా ఇది ఫొటోలో పడదు. నా అభిప్రాయం గట్టిపడింది ఆ రాత్రే.

ఇదేదో నా ఒక్కడి బెంగ కాదు. 2013లో లండన్ సిటీ వీధుల్లో పెట్టిన చెత్తడబ్బాలు దారిన పోయేవాళ్ల ఫోన్ల గుర్తింపు నంబర్లను ఏరుతున్నాయని బయటపడి, అక్కడి కార్పొరేషన్ ఆపించింది. చెత్తడబ్బా! తర్వాతి ఏడాది ఐఓఎస్ 8తో ఐఫోన్లు వైఫైల కోసం వెతికేటప్పుడు ఆ అసలు నంబరు దాచి మారుపేరుతో తిరగడం మొదలుపెట్టాయి. ఆండ్రాయిడ్ 10 వచ్చేసరికి మారుపేరుతో వైఫైకి తగులుకోవడం మామూలు ఏర్పాటైపోయింది. కొత్త ఫోన్లు పాత పేర్లను అలా బహిరంగంగా పిలవడం కూడా చాలావరకు మానేశాయి. కానీ మన ఇళ్లల్లో పాత ఫోన్లు పారేయం కదా. పిల్లలకు ఆడుకోవడానికిస్తాం, వాచ్‌మన్‌కిస్తాం.

ఈ దిక్కున నడిచిన కళాకారుల్లో నేను మొదట చెప్పేది జూలియన్ ఆలివర్ పేరు. 2016లో ఆయన మామూలు ఆఫీసు ప్రింటరు ఒకటి తీసుకుని దాని కడుపులో బుల్లి సెల్ టవరు దాచాడు. దగ్గర్లోని ఫోన్లు అది నిజం టవరే అనుకుని దానికి తగులుకుంటాయి. వెంటనే ఆ ఫోనుకు ఎవరో బాగా తెలిసినవాళ్లు పంపినట్టు ఒక మెసేజ్ వస్తుంది. అవతలివాడు "ఎవరు మీరు?" అని జవాబిస్తే, ఆ సంభాషణా, ఫోను గుర్తింపు నంబర్లూ ప్రింటరు లోంచి కాగితం మీద అచ్చయి బయటకొస్తాయి. అంతే. కాగితం మీద నల్ల సిరా. వైర్‌లెస్‌ను కంటికి చూపించడం అంటే నా లెక్కలో ఇదీ. మన ఫోను ఎవరిని పడితే వాళ్లను నమ్మేస్తుందన్న నిజం ఒక కాగితం ముక్కగా మన చేతికొస్తుంది.

కానీ, ఇక్కడే నా కాలు జారేది. ఆలివర్ ప్రింటరు గానీ, మా నల్ల తెర గానీ, దొంగ ఎలా చేస్తాడో చూపించడానికి దొంగతనమే చేయాలి. తెలియని మనిషి ఫోనును అడగకుండా పట్టుకుని, అతని జవాబును అచ్చేసి గోడకు తగిలిస్తే, కళ అన్నంత మాత్రాన చేసింది మారిపోతుందా? మేం అమ్మ ఫోనుతో ఆగాం. అదే పక్కింటి ఫోను తెర మీద పడుంటే నేను కళ్లు మూసుకునేవాణ్ణా? మూసుకుంటాననే చెప్పాలనుంది. ఓస్లోవాళ్ల గడకర్ర ఆ పాపానికి ఒడిగట్టదు. ఎవరి రౌటరో, లోపల ఏం నడుస్తోందో దానికి అక్కర్లేదు, ఎంత గట్టిగా వినిపిస్తోందన్నదే. నేను లోపం అన్నది వాళ్ల వైపు నుంచి చూస్తే మర్యాద. ఇది నేను ముందు ఆలోచించలేదు.

అయినా ఒక మెట్టు దిగి చెబుతాను. ఎవరి ఫోను గుట్టు వాళ్లకే చూపించే కళ కావాలి. గదిలోకి ఒక్కరే వెళ్లాలి, తలుపు మూసుకోవాలి, తమ ఫోను గాల్లోకి ఏమేం అంటోందో తాము మాత్రమే చదువుకోవాలి, బయటికొచ్చేటప్పుడు తుడిచేయాలి. దానికి ఫొటో ఉండదు, ఎగ్జిబిషన్‌లో గోడ మీద పెట్టడానికి ఏమీ మిగలదు. బహుశా అందుకే ఎవరూ పెద్దగా చేయరు.

301లో

గత నెల 301 ఆంటీ మళ్లీ ఫోను చేశారు. టవరు తీర్మానం సంగతేమోనని గొంతు సవరించుకున్నాను. "అది కాదు బాబూ. నీ లైట్ల కర్ర ఉందిగా, అది ఒకసారి మా ఇంటికి తీసుకురా." డల్లాస్‌లో ఉన్న మనవరాలు వీడియో కాల్‌లో కనపడితే వెనక పడగ్గదిలో ఆగి ఆగి వస్తోందట. నెట్ కంపెనీవాడు ఇంకో డబ్బా కొనుక్కోమన్నాడట.

వెళ్లాం. మేనల్లుడు వాళ్ల వైఫై పాస్‌వర్డు అడిగితే ఆంటీ క్యాలెండరు వెనక రాసుకున్నది చూపించారు. హాల్లో నలభై దీపాలు. పడగ్గది గుమ్మంలో ముప్ఫై చిల్లర. మంచం దగ్గరికి వెళ్లేసరికి పన్నెండు. ఆవిడ పైపు నా చేతిలోంచి లాక్కుని తనే పట్టుకున్నారు. కొంగు నడుముకు దోపుకుని గదిలో ఒక్కో అడుగూ వేస్తూ, దీపాలనే చూస్తూ, గోడవారగా నిలబెట్టిన ఇనప బీరువా దాకా వచ్చి ఆగారు. బీరువాకు ఇవతల పన్నెండు. ఒక అడుగు అవతలికి వేస్తే ముప్ఫై. ఇవతలికి పన్నెండు. అవతలికి ముప్ఫై.

"దీని నీడేనా?" అన్నారు.

"దీని నీడే ఆంటీ."

మా ముగ్గురికీ బీరువా కదల్లేదు. రౌటరునే హాల్లో టీవీ వెనక నుంచి తీసి గుమ్మానికి ఎదురుగా మేకు కొట్టి తగిలించాం. ఆవిడ మళ్లీ పైపు పట్టుకుని మంచం దాకా నడిచి లెక్కపెట్టుకున్నారు. ఇరవై తొమ్మిది. మనవరాలికి అప్పటికప్పుడు ఫోను చేశారు, అక్కడ అర్ధరాత్రి అని గుర్తొచ్చి వెంటనే పెట్టేశారు.

కాఫీ తాగుతుంటే అడిగారు, "పడుకునేటప్పుడు ఆ డబ్బా ఆపేస్తే ఈ లైట్లు పూర్తిగా ఆరిపోతాయా?"

ఆపి చూపించాడు మేనల్లుడు. ఆరిపోయాయి.

"అయితే రాత్రిళ్లు ఆపేస్తా" అన్నారు. ఆవిడ ఫోను పక్కనే దిండు మీద ఉంది. దాని గురించి చెబుదామని నోటిదాకా వచ్చింది. ఆవిడ మాత్రం అప్పటికే పైపు తిరగేసి, ఈ రబ్బరు బ్యాండ్లు ఊడిపోతాయి, లంగా నాడాతో కడతానుండు అంటూ లోపలికి వెళ్లారు.